మా ఆయన చెవుడు

మా ఇంట్లో గుసగుసలకి చోటు లేదని నాకు కాపరానికొచ్చిన కొత్తలోనే తెలిసింది. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ "ఈ మనిషికి ఉప్పు ఎంతేసినా చాలదు" అని నాలో నేను గొణుక్కుంటే, బయట అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మా ఆయన "చాలక కాదే, నువ్వు వెయ్యడం మర్చిపోయావు" అనేవాడు. మధ్యలో రెండు గోడలు, ఒక కోళ్ళగూడు. అలాంటి మనిషికి చెవుడొచ్చిందని ఆ వేసవిలో రేవంతా తేల్చేసింది. రేవుని అని లాభం లేదు. ఆయనే అలా తేల్చనిచ్చాడు.

మా దగ్గర గురకచేపని కంటితో వెతకరు, చెవితో వెతుకుతారు. ఆ చేప గుంపు కట్టినప్పుడు నీళ్ళలో గురక పెడుతుంది, అందుకే దానికా పేరు. పొద్దువాలే వేళ ఇంజను ఆపేసి, ఒక మనిషి పడవ పక్కన తాడు పట్టుకుని దిగి, తల నీళ్ళలో ముంచి, ఊపిరి బిగబట్టి వింటాడు. ఆ మనిషిని 'చెవి' అంటారు. పైకి తేలి ఆయన చెయ్యి ఎటు చూపిస్తే సరంగు పడవని అటు తిప్పుతాడు. చుట్టుపక్కల పడవలన్నీ ఆ చెయ్యి కోసమే కాచుకుని ఉంటాయి. ఒకప్పుడు పడవకో చెవి ఉండేవాడట. ముసలివాళ్ళు పోయారు, కుర్రవాళ్ళు నేర్చుకోలేదు. పెద్ద మరపడవలవాళ్ళకి తెర మీద చేపని చూపించే యంత్రాలున్నా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మెరకలు దాటి ఆ పడవలు రాలేవు. చివరికి రేవంతటికీ మిగిలిన చెవి మా ఆయన ఒక్కడే. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నా బిందెని ముందుకి జరిపేవారంటే అది నా అందం చూసి కాదు.

పడవ మా మామగారిది. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరిదీ అయింది. మా ఆయన చెవి, మా మరిది సరంగు. ఇంటికి మధ్యలో గోడ కట్టుకున్నాం గానీ పెరడు ఒకటే, పడవ ఒకటే, పస్తుంటే ఇద్దరం కలిసే ఉండాలి.

ఆ ఏడు ఎండలు ముందే విరుచుకుపడ్డాయి. మోకాళ్ళ లోతుకి దిగితే సముద్రం స్నానానికి కాచి పెట్టిన నీళ్ళలా ఉండేది. సముద్రాలు వేడెక్కిపోతున్నాయని రేడియోలో చెబుతుంటే "వీడెవడో కొత్తగా చెబుతున్నాడు, కాలుతున్న కాళ్ళు మావి" అని మా మరిది దాని నోరు నొక్కేసేవాడు. చేప గుడ్లు పెట్టే రోజుల్లో ఏటేటా వేట నిషేధం ఉంటుంది. ఆ తేదీ ఎప్పుడో పాతకాలంలో పెట్టింది. ఇప్పుడు నీళ్ళు ముందే కాగుతున్నాయి, చేప ముందే కడుపుతో వచ్చేస్తోంది, తేదీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ మధ్యలో ఉన్న నాలుగు వారాల కథే ఇది.

మొదటి రోజు పడవ ఖాళీగా వచ్చింది.

"ఎక్కడా చప్పుడే లేదంట వదినా" అన్నాడు మా మరిది, మొహం వేలాడేసుకుని.

మా ఆయన నా వైపు చూడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కబెడుతున్నాడు. నాకు అనుమానమొచ్చింది.

"ఏటి మొగ గుంట దగ్గర కూడా విన్నావా?"

"ఊఁ."

"ఏముంది?"

ఆయన తమ్ముడి వైపు గోడని ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "నిండా ఉన్నాయే. గుంట గుంటంతా మోగిపోతోంది. మిగతా సముద్రమంతా వేడి, అక్కడొక్క చోటే అడుగున చల్లగా ఉంది. ఉన్నవన్నీ అక్కడికే చేరినట్టున్నాయి."

"మరి చెయ్యెత్తలేదేం?"

"ఎత్తితే ఏమవుతుందో పోయినేడు చూశావుగా."

చూడకేం. పోయినేడు అదే గుంట మీద ఆయన చెయ్యెత్తితే పడవలన్నీ కమ్ముకున్నాయి. ఏ చేప కోసినా పొట్టనిండా గుడ్లే. ఐసు చాలలేదు, బుట్టలు చాలలేదు, కొనేవాళ్ళు చాలలేదు. మిగిలింది ఇసకలో గుంటలు తీసి పూడ్చిపెట్టాం. ఆ తరవాత ఏడాదంతా గురకచేప అన్నది కంటికి కనబడలేదు. మేమందరం సముద్రాన్ని తిట్టుకున్నాం.

"ఆ రోజు వల లాగేశాక మళ్ళీ ఒకసారి తల ముంచాను" అన్నాడు మా ఆయన. "ఒక్క చప్పుడు లేదు. నాకు భయం వేసింది. నీళ్ళలో నాకెప్పుడూ భయం వెయ్యలేదు."

"ఉన్నాయి గానీ ఈ నాలుగు వారాలూ వదిలేద్దాం అని చెప్పొచ్చుగా మనుషులకి?"

"పోయినేడు పూడ్చిపెట్టినప్పుడే చెప్పి చూశాను, ఇకమీదట గుడ్ల చేపని వదిలేద్దామని. మనం వదిలేస్తే పక్కవాడు వదుల్తాడా అన్నాడు తమ్ముడు. వాడన్నదీ నిజమే. ఉన్నాయంటే ఎవడూ ఆగడు. లేవంటేనే ఆగుతారు. నిషేధం పడేదాకా నువ్వు నోరు కట్టుకుంటే చాలు."

"నా నోరు సరే, మన కడుపుల మాటేంటి?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేపల కడుపుల గురించి ఆలోచించే మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

చెవుడు మాట మొదట అన్నది మా ఆయన కాదు, మా మరిదే. వరసగా ఖాళీ పడవ వస్తుంటే ఒక పొద్దున రేవులో అందరి ముందూ అడిగేశాడు. "అన్నా, నీ చెవులు బాగానే ఉన్నాయా? మన ఇంజను తాతకీ ఇలాగే మొదలైంది."

ఇంజను తాత మా పడవలో ఇంజను చూసుకునే ముసలాయన. జీవితమంతా ఆ రొద పక్కన కూర్చుని కూర్చుని ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. ఎవరేమన్నా "ఆఁ, తిన్నాను తిన్నాను" అంటాడు.

మా ఆయన తమ్ముడి మొహం చూశాడు. ఆ క్షణంలో ఏమనుకున్నాడో ఏమో, చెయ్యి చెవి వెనక పెట్టుకుని "ఏంటీ?" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో ఆయన పేరు పోయింది.

మర్నాడు టీకొట్టువాడు పిలిస్తే పలకలేదు. వెనకనించి ఎవరో పళ్ళెం కింద పడేస్తే తిరగలేదు. రేవులో ఇదొక ఆటైపోయింది. వెనకాల నిలబడి చప్పట్లు కొట్టడం, బూతులు తిట్టడం, ఆయన తిరగకపోతే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకోవడం. ఆయన మొహంలో రెప్ప కూడా అదిరేది కాదు. చూస్తున్న నాకు మాత్రం తల కొట్టేసినట్టయ్యేది. కుళాయి దగ్గర నా బిందె మెల్లిగా వెనక్కి పోయింది. "పాపం, ఇంకేం తెస్తాడమ్మా ఆయన" అని జాలిపడినామెని నేను పళ్ళు కొరుక్కుని వదిలేశాను.

మిగతా పడవలు కొన్నాళ్ళు మా పడవ వెంట తిరిగి, ఇక లాభం లేదని దూరంగా పోయాయి. మా పడవ మనుషులు ఒక్కొక్కరే వేరే పడవల్లోకి ఎక్కేశారు. వాళ్ళనీ అనడానికి లేదు, పిల్లలున్నవాళ్ళు.

ఒకటి మాత్రం నేను చెయ్యనన్నాను.

"నలుగురిలో నాతో గట్టిగా మాట్లాడవే" అన్నాడు మా ఆయన. "నువ్వు మామూలుగా మాట్లాడితే వాళ్ళకి అనుమానమొస్తుంది."

"నేను అరవను. ఊరందరికీ చెవిటోడివైతే అవ్వు, నాకు కాదు. నా నోటితో నిన్ను చెవిటోణ్ణి చెయ్యమంటే నా వల్ల కాదు."

"నాటకమే కదే."

"నీకు నాటకం. నాకు బతుకు."

అందుకే నలుగురిలో ఆయనతో మాట్లాడడమే మానేశాను. మొగుడూ పెళ్ళాలకి పడట్లేదని అదొక పుకారు కూడా పుట్టింది.

ఒక మధ్యాహ్నం పెరట్లో మా ఆయన పాత వలకి ముళ్ళు వేస్తున్నాడు. నేను తలుపు చాటున బియ్యం ఏరుతున్నాను. మా మరిది గోడ దాటి వచ్చి అన్న వెనక నిలబడ్డాడు. తాగలేదు. తాగి ఉంటే బాగుండేది.

"అన్నా" అన్నాడు, మామూలు గొంతుతో.

మా ఆయన తిరగలేదు.

"వినబడట్లేదు కదూ. మంచిదే." మా మరిది ఇంకాస్త దగ్గరికొచ్చాడు. "చిన్నప్పుడు నాన్న మనిద్దర్నీ పడవ అడుగు చెక్కకి చెవి ఆనించి పడుకోమన్నాడు, గుర్తుందా? నీకు వినబడింది. నాకు వినబడలేదు. ఆ రోజునించి ఆయన కంటికి నేను మనిషిని కాదు. రేవులో నన్నెవడూ నా పేరుతో పిలవలేదు, చెవి తమ్ముడు, చెవి తమ్ముడు. నువ్వు నీళ్ళలోకి దిగినప్పుడల్లా ఈ మనిషి ఇక పైకి రాకపోతే బాగుండని అనుకునేవాణ్ణి. ఒకసారి కాదు. ఎన్నోసార్లు. ఇప్పుడు నీ చెవులు పోయాయి, నా కూడూ పోయింది. దేనికి ఏడవాలో కూడా తెలీట్లేదు నాకు."

ముళ్ళు వేస్తున్న మా ఆయన చెయ్యి ఆగలేదు. ముడి, లాగడం, మళ్ళీ ముడి. మా మరిది కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నా చేతిలో చేట ఎప్పుడు కింద పడిందో తెలీదు, బియ్యమంతా నేలపాలైంది.

ఆయన లోపలికొచ్చాక అడిగాను. "విన్నావా?"

"విన్నాను."

"ఏమీ అనిపించలేదా నీకు?"

ఆయన నాతోపాటు కింద కూర్చుని బియ్యం ఎత్తడం మొదలుపెట్టాడు. ఎత్తుతూనే అన్నాడు. "వాడు అలా అనుకుంటాడని నాకు తెలుసు. వాడు తాడు పట్టుకునేటప్పుడు ఊపిరి మారేది. కానీ ఒక్కసారి కూడా తాడు వదల్లేదే. అది కూడా తెలుసు."

ఆ మాటకి నేను ఏడ్చాను. ఏడ్చి, ఆయన్ని నాలుగు తిట్టాను. "చెప్పేయ్. రేపే చెప్పేయ్. చేపలు పోతే పోయాయి, ఇంట్లో ఒకడు ఇలా కుళ్ళిపోతుంటే నీకు చేపలు ముద్దా?"

"ఇంకొక్క వారమే" అన్నాడు.

ఆ వారంలోనే మా తోటికోడలు నా దగ్గరికొచ్చింది. కడుపు మాడ్చుకునే పిల్ల, ఎప్పుడూ ఏదీ అడగదు. "అక్కా, నిషేధం పడేలోపు ఒక్క వేట కూడా దొరక్కపోతే మేం వెళ్ళిపోతాం. నగరంలో మా పుట్టింటివాళ్ళ దగ్గర ఇటుకల పనుందట. పడవలో తన సగం ముక్కలు చేసి కర్రకి అమ్మేస్తానంటున్నాడు మీ మరిది. నువ్వన్నా చెప్పు."

నేనేం చెప్పను? చెప్పగలిగింది ఒక్కటే ఉంది, అది నా నాలిక చివరే ఉంది. గొంతులో పడ్డ ముల్లులా దాన్ని మింగేశాను. "ఆఖరి వేటకి నేనూ పడవెక్కుతాను. మనుషుల్లేరుగా, వల అందిస్తాను" అన్నాను.

మర్నాటినించి నిషేధం. ఆ సాయంత్రం పడవలో నలుగురం. ముందు కొసన మా ఆయన, ఇంజను దగ్గర తాత, వెనక మా మరిది, మధ్యలో వల గుట్ట పక్కన నేను. మా మరిది ఎవర్నీ అడగలేదు. పడవని నేరుగా ఏటి మొగ వైపు నడిపించాడు.

గుంట మీదకి రాగానే తాతకి సైగ చేసి ఇంజను ఆపించాడు. అన్న భుజం తట్టి నీళ్ళ వైపు చూపించాడు. మా ఆయన తాడు పట్టుకుని దిగాడు. ఆ తాడు రెండో కొస మా మరిది చేతిలో ఉంది. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. బిగించిన వేళ్ళు తెల్లబడ్డాయి గానీ వదల్లేదు.

నాకేం తోచిందో, అలిసిపోయినదానిలా అడుగు చెక్క మీద పక్కకి ఒరిగి చెవి ఆనించాను.

మొదట నీళ్ళు చెక్కకి తగిలే చప్పుడు. తరవాత దాని కింద ఇంకేదో. చెక్క వణుకుతున్నట్టనిపించింది. కిందనించి, అన్ని వైపులనించి, గుర్రు గుర్రుమని ఒకటే రొద. ఒకటి ఆగితే ఇంకోటి, దగ్గరది ఆగితే దూరంది. నిండు ఇల్లు. ఇంత సందడి నా కింద ఉందని తెలియకుండా ఇన్నేళ్ళు ఈ సముద్రం పక్కన సంసారం చేశానా అనుకున్నాను. ఇన్ని రోజులు ఆయన ఈ చప్పుడంతా మోస్తూ, బయట బూతులు వింటూ, మొహం కదపకుండా తిరిగాడు.

వెంటనే భయం పట్టుకుంది. నాకు వినబడితే మా మరిదికీ వినబడుతుంది, ఒక్కసారి వంగి చెవి ఆనిస్తే చాలు. అతను చిన్నప్పటి ఆ రోజునించీ ఆ చెక్కకి చెవి ఆనించలేదని తెలుసు. అయినా నమ్మకమేంటి? దిగ్గున లేచి కూర్చుని, ఎప్పుడూ లేనిది గడగడా మాట్లాడడం మొదలుపెట్టాను. వంట చెరకు సంగతి, పెరటి గోడ బీటలు, పెట్ట గుడ్లు పొదగడం లేదని, నోటికేదొస్తే అది.

"వదినా, దండం పెడతాను, కాస్త నోరు మూసుకో" అన్నాడు మా మరిది.

మా ఆయన పైకి తేలాడు. తల అడ్డంగా ఊపాడు. ఏమీ లేదు.

మా మరిది ఆయన్ని పైకి లాగి, చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. "చెవిటోణ్ణి అడగడం నాదే బుద్ధితక్కువ" అన్నాడు. "ఉన్నా లేకపోయినా ఇక్కడే వేస్తాను. పోయినేడు ఇక్కడే పడ్డాయి. వదినా, వల అందించు. తాతా, పోనీ, మెల్లగా!" చేత్తో సైగ చేశాడు.

మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరం ఏమీ చెయ్యలేకపోయాం. ఆయన ముందు కొసకి వెళ్ళి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. నేను వంగి వల మడతలు విప్పి వెనక్కి అందిస్తున్నాను, మా మరిది నీళ్ళలోకి వదుల్తున్నాడు.

"ఇంజనాపు!"

మా ఆయన గొంతు. ఇన్ని వారాలుగా నలుగురిలో ఎత్తని గొంతు. తల తిప్పి చూస్తే వెనక ఎవరూ లేరు. వల తాడు మాత్రం సర్రున నీళ్ళలోకి పోతోంది. జారిపోతున్న తాడు మడత మా మరిది చీలమండకి చుట్టుకుని లాక్కుపోయింది, కేక పూర్తిగా వెయ్యనివ్వలేదు. తాతకేం వినబడుతుంది? ఇంజనుకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను పడుతూ లేస్తూ వెళ్ళి తాత చెయ్యి పక్కకి నెట్టి ఇంజను ఆపేశాను. ఈలోగా మా ఆయన నడుముకున్న కత్తి నోట కరుచుకుని వెనకనించి దూకేశాడు.

ఎంతసేపో నాకు తెలీదు. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, పొద్దు దాదాపు పోయింది. తాత "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. నేను తాడు చేతికి చుట్టుకుని లాగుతున్నాను, అరచేతులు తెగిపోతున్నాయి. ఉన్నట్టుండి తాడు తేలికైపోయింది. తెగిందన్నమాట.

అప్పుడు రెండు తలలు పైకొచ్చాయి.

ఎలా పైకి లాగామో నాకు గుర్తులేదు. మా మరిది బోర్లా పడి నీళ్ళు కక్కుకున్నాడు. మా ఆయన వీపు మీద చరుస్తూ "ఊపిరి తియ్యరా, తియ్యరా నాన్నా" అంటున్నాడు. కాసేపటికి మా మరిది వెల్లకిలా తిరిగి అన్న మొహం చూశాడు.

"అప్పుడు ఇంజను ఆడుతోంది" అన్నాడు, ఇంకా దగ్గుతూనే. "నువ్వు అటు తిరిగున్నావు. నేను సగం అరిచానో లేదో. నీకెలా వినబడింది?"

మా ఆయన తమ్ముడి చీలమండ పట్టుకుని తాడు కోసుకుపోయిన చోటు చూడసాగాడు.

సరిగ్గా అప్పుడే పడవలో గురక మొదలైంది. తెగిన కొసతో పాటు పైకొచ్చిన వల ముక్కలో ఒక చేప చిక్కుకుంది. నా మోచెయ్యంత ఉంది, పొట్ట ఉబ్బి ఉంది. చెక్క మీద కొట్టుకుంటూ గుర్రు గుర్రుమంటోంది. మా మరిది దాన్ని చూశాడు. దాని పొట్ట చూశాడు. పక్కకి తిరిగి, మెల్లగా, చెవి పడవ అడుగు చెక్కకి ఆనించాడు.

నేను కదల్లేదు. మా ఆయన కదల్లేదు. మా మరిది కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. ఇంతలో మెరకల వైపునించి ఇంకో పడవ దీపం మా వైపు వస్తూ కనబడింది. మా కేకలు విన్నట్టున్నారు, లేదా మా వల పడడం చూశారో.

మా మరిది లేచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేపని వల కళ్ళలోంచి విడదీశాడు. మొప్పలు తెగకుండా ఒక్కొక్క పోగే తీశాడు. రెండు చేతులతో ఎత్తి, పడవ అంచు మీదనించి వంగి, నీళ్ళలో పెట్టి వదిలాడు. చప్పుడు కూడా కాలేదు.

"ఏమైందిరా? ఏమన్నా పడిందా?" పక్క పడవ సరంగు కేకేశాడు.

"నేనే పడ్డాను!" అని అరిచాడు మా మరిది. "వల తెగింది. ఇక్కడ ఏం లేదు, బురద తప్ప. రావద్దు, మీ వల కూడా తెగుద్ది!"

"మీ చెవి ఏమంటున్నాడు మరి?"

మా మరిది అన్న వైపు ఒకసారి చూశాడు. "చెవి ఎక్కడిది? మా అన్నకి చెవుడు!"

ఆ పడవలో నవ్వులు. సరంగు దగ్గరగా వచ్చి దీపం ఎత్తి పట్టుకుని "ఏం అన్నా, మేం నవ్వుతున్నదన్నా వినబడుతోందా?" అన్నాడు.

మా ఆయన వాణ్ణి చూశాడు. తరవాత నా వైపు తిరిగి "ఏమంటున్నాడే?" అని అడిగాడు.

అన్ని రోజులు నేను చెయ్యనన్న పని అది. లేచి నిలబడ్డాను. తాడు కోసిన అరచేతులు ఆయన భుజాల మీద వేసి, నోరు ఆయన చెవి దగ్గర పెట్టి, ఆ పడవకే కాదు, ఒడ్డుదాకా వినబడేలా అరిచాను. "ఏమీ లేదంట! ఇక్కడేమీ లేదంట! ఇంటికి పోదాం!"

నిజంగా చెవుడు రావాల్సిన అరుపది. ఆయన మొహం చిట్లించలేదు. "అంతేనా" అన్నాడు.

ఆ పడవ నవ్వుకుంటూ తిరిగిపోయింది. దీపం చిన్నదైపోయేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. వచ్చే ఏడు ఈ చేపలు తిరిగి వస్తాయో రావో ఎవరికీ తెలీదు. వచ్చినా ఆయన చెయ్యి చూసి ఇక ఏ పడవా తిరగదు. అది మాత్రం ఖాయం. తాత ఇంజను వెయ్యనా అని సైగ చేశాడు, మా మరిది ఆగమన్నాడు.

అన్న పక్కకొచ్చి కూర్చున్నాడు. తల దించుకుని, నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా అన్నాడు. "అన్నా. ఆ రోజు పెరట్లో నేను అన్నది... నువ్వు విన్నావు కదూ?"

మా ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏంట్రా? గట్టిగా చెప్పు. నాకు వినబడదు కదా."

మా మరిది గట్టిగా చెప్పలేదు. అన్న మోకాలి మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన వాడి తడి జుట్టు మీద చెయ్యి వేసి, వీడు దేనికి ఏడుస్తున్నాడో తెలియనివాడిలా నా వైపు చూశాడు.